జనవరి 1 జాబితాలో దామగుండం ఉండదు

చేవెళ్ల దాటి పరిగి రోడ్డు మీద పోతుంటే మన్నెగూడ వస్తుంది. పూడూరు మండలం. దామగుండం అడవి ఆ మండలంలోదే. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి అక్కడ నేవీ వీఎల్ఎఫ్ కేంద్రానికి, అంటే జలాంతర్గాములకు రేడియో సందేశాలు పంపే కేంద్రానికి, శంకుస్థాపన చేశారు. 2,900 ఎకరాల అటవీ భూమి, దాదాపు 3,200 కోట్ల ఖర్చు. చెట్లెన్ని పోతాయి, మూసీ పుట్టే అనంతగిరి గుట్టల పక్కన ఇంత కట్టడం ఏంది, రామలింగేశ్వరుడి గుడికి దారి ఉంటుందా ఉండదా, రేడియేషన్‌తో మనుషులకు ఏమన్నా అవుతుందా అని చర్చ గట్టిగానే జరిగింది. జరగాల్సిందే. ఒక ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. రేపు పాకిస్తాన్‌తో గొడవ ముదిరితే ఈ కేంద్రం ఏ లెక్కలోకి వస్తుంది? దాన్ని ముట్టుకోకూడదని ఎక్కడన్నా రాసుకున్నామా?

రాసుకోలేదు. భూమ్మీద రెండు దేశాల మధ్య అణు ప్రమాదం తగ్గించే కాగితాలు కొన్ని ఉన్నాయి, అవి పనిచేస్తున్నాయి కూడా. సముద్రం మీదికి వచ్చేసరికి ఆ కాగితాలు పలచబడతాయి. సముద్రం కిందికి దిగితే దాదాపు ఖాళీ. దామగుండం కడుతున్నది ఆ కింద తిరిగేవాళ్లతో మాట్లాడటానికే.

ముందు ఆ కేంద్రం చేసే పని చూద్దాం. వీఎల్ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే రేడియో తరంగాలు. ఉప్పునీరు రేడియోను మింగేస్తుంది. సెల్‌ఫోన్, ఎఫ్‌ఎం తరంగాలు నీటి పైపొర దగ్గరే ఆగిపోతాయి. పౌనఃపున్యం తగ్గేకొద్దీ కాస్త లోపలికి దిగుతాయి. 18 కిలోహెర్ట్జ్ అనుకుని లెక్క వేస్తే, 15 మీటర్ల లోతుకు చేరేసరికి సిగ్నల్ శక్తిలో మిగిలేది కోటో వంతు. అందుకే పంపేచోట అంత బలం కావాలి. పైగా ఆ తరంగం ఒక్కొక్కటి 16 కిలోమీటర్ల పైన పొడవుంటుంది. లెక్కప్రకారం యాంటెన్నా అందులో పావు వంతు ఎత్తుండాలి, అంటే 4 కిలోమీటర్లు. అది ఎవరి వల్లా కాదు కాబట్టి వందల మీటర్ల టవర్లు నిలబెట్టి, వాటి మధ్య పైన తీగలు అల్లి, కింద నేలలో రాగి తీగలు పాతి సర్దుకుంటారు. ఊరంత జాగా పోతున్నది ఇందుకే. 2,900 ఎకరాలంటే 11.7 చదరపు కిలోమీటర్లు.

రేడియేషన్ భయం గురించి ఒక్క మాట. అణు రియాక్టర్ నుంచి వచ్చేది వేరు, ఇది వేరు. ఇక్కడ యురేనియం ఉండదు, బూడిద ఉండదు, లీకయ్యేది ఏమీ ఉండదు. మన వైపు ‘అణు’ అనగానే లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్ గుర్తొస్తాయి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసింది కూడా. ఆ గొడవను తెచ్చి దామగుండానికి అతికిస్తే అసలు ప్రశ్న మరుగున పడుతుంది.

అసలు సంగతి ఏమిటంటే ఈ లైను ఒకవైపే పనిచేస్తుంది. తిరునెల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ 1990 నుంచి చేస్తున్నదీ ఇదే, దామగుండం అలాంటి రెండోది. కేంద్రం పంపుతుంది, జలాంతర్గామి వింటుంది. అది వినాలన్నా ఒక పొడుగాటి తీగను నీటి పైభాగం దగ్గర తేలేట్టు వెనక లాక్కుంటూ పోవాలి. గొంతు వినపడదు, అక్షరాలు నెమ్మదిగా వస్తాయి. జవాబివ్వాలంటే పైకి వచ్చి వేరే యాంటెన్నా బయటపెట్టాలి. బయటపెడితే దొరికిపోవచ్చు. అందుకని గస్తీలో ఉన్న జలాంతర్గామి మామూలుగా నోరు విప్పదు. మన అణు జలాంతర్గామి ఐఎన్ఎస్ అరిహంత్ 2016లో నౌకాదళంలో చేరింది, 2018 నవంబర్ 5న దాని మొదటి గస్తీ పూర్తయిందని ప్రధాని ప్రకటించారు. ఐఎన్ఎస్ అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలో చేరింది. ఇలాంటి పడవల్లో ఉండేవాళ్లకు పైన ఏం జరుగుతుందో తెలిసేది ఆ సన్నని దారిలో వచ్చే నాలుగు ముక్కలతోనే.

ఆ నాలుగు ముక్కలు అందకపోతే ఏమవుతుందో 1962 అక్టోబర్ 27న, క్యూబా క్షిపణి సంక్షోభం నడుస్తుండగా, ఆ దీవి దగ్గర కనపడింది. సోవియట్ జలాంతర్గామి బీ-59 నీటి కింద ఉంది. బ్యాటరీలు అడుగంటాయి, లోపల వేడి 45 డిగ్రీలు దాటింది, మాస్కోతో మాట లేదు. పైన అమెరికా డిస్ట్రాయర్లు చిన్న పేలుడు గుళ్లు వదులుతున్నాయి. నిజానికి అమెరికా అంతకు రెండు మూడు రోజుల ముందే మాస్కోకు పద్ధతి రాసి పంపింది: నాలుగైదు హానిలేని పేలుళ్లు వినపడితే అది పైకి రమ్మనే సంకేతం, దాడి కాదు అని. ఆ కాగితం మాస్కోలోనే ఉండిపోయింది, పడవ దాకా రాలేదు. లోపలివాళ్లకు అది యుద్ధం మొదలైన చప్పుడే. పడవలో అణు టార్పెడో ఒకటి ఉందని అమెరికన్లకు తెలియదు. కెప్టెన్ సవిత్స్కీ దాన్ని సిద్ధం చేయమన్నాడనీ, పక్కనే ఉన్న ఇంకో సీనియర్ అధికారి వసీలీ అర్ఖిపోవ్ నచ్చజెప్పాడనీ అందులో ఉన్న ఒక అధికారి చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. పద్ధతి రాయడం సగం పని, అది ఆ పద్ధతి అవసరమైన మనిషి చేతికి ముందే చేరాలి. సంక్షోభం మధ్యలో రాసి పంపితే చేరదు.

ఇప్పుడు మన కాగితాలు. 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో ఉండగా కుదిరిన ఒప్పందం అన్నిటికంటే గట్టిది. ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చేయకూడదు. 1991 జనవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి జనవరి 1న ఢిల్లీలో, ఇస్లామాబాద్‌లో ఒకేసారి జాబితాలు మార్చుకుంటారు, ఒక్కో కేంద్రం అక్షాంశ రేఖాంశాలతో సహా. మొదటిసారి 1992లో, 2025 జనవరి 1న జరిగింది 34వసారి. మధ్యలో కార్గిల్ వచ్చింది, పార్లమెంటు మీద దాడి వచ్చింది, ముంబై వచ్చింది, బాలాకోట్ వచ్చింది. ఒక్క ఏడాది కూడా తప్పలేదు. ఎందుకు తప్పలేదంటే తేదీ ముందే ఖాయం. ఎవరు ఎవరికి ఇవ్వాలో ఖాయం, ఏం రాయాలో ఖాయం. మంత్రులు కలవనక్కరలేదు, ‘చర్చలు మళ్లీ మొదలయ్యాయి’ అని ఎవరూ ఒప్పుకోనక్కరలేదు.

జాబితాలో ఏం వస్తాయో కూడా ఒప్పందంలోనే ఉంది. విద్యుత్ రియాక్టర్లు, పరిశోధనా రియాక్టర్లు, ఇంధనం తయారీ, యురేనియం శుద్ధి (ఎన్‌రిచ్‌మెంట్), ఐసోటోపుల వేర్పాటు, వాడిన ఇంధనం నుంచి పదార్థం తీసే కేంద్రాలు, ఇంకా రేడియోధార్మిక పదార్థాలు ఎక్కువగా నిల్వ ఉండేచోట్లు. బాంబు పడితే విషం బయటికి వచ్చి జనం మీద పడుతుందనేది దీని వెనక ఉన్న భయం. ఆ కొలతతో చూస్తే దామగుండం రాదు. అక్కడ టవర్లు, తీగలు, ట్రాన్స్‌మిటర్లు తప్ప రేడియోధార్మికం ఏదీ ఉండదు కదా.

చిక్కు ఇక్కడే ఉంది. వీఎల్ఎఫ్ కేంద్రం అణు జలాంతర్గాముల కోసమే కాదు, మామూలు డీజిల్ జలాంతర్గాములకు కూడా అదే గొంతు. మామూలు యుద్ధంలో ఎదుటివాడు ‘వీళ్ల డీజిల్ పడవలను చెవిటివాళ్లను చేద్దాం’ అనుకుని దాని మీద క్షిపణి వేశాడనుకోండి. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు అది అలా కనపడదు, అణు దళానికి ఆజ్ఞలు వెళ్లే దారి కోస్తున్నారని కనపడుతుంది. వాడు ఒకటి అనుకుంటాడు, మనం ఇంకొకటి అనుకుంటాం, ఇద్దరి దగ్గరా అణ్వాయుధాలున్నాయి. మనం 2003 జనవరిలో ప్రకటించిన విధానం ‘ముందుగా వాడం’ అంటుంది, పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. ఒకటి ఉండాల్సినచోట రెండు కేంద్రాలు ఉండటం ఈ కంగారును కొంత తగ్గిస్తుంది, నిజమే. ఒకటి పోయినా రెండోది ఉందనే ధైర్యం ఉన్నవాడు తొందరపడడు. ఆ మేరకు దామగుండం అవసరమనే నేను అంటాను. కానీ దాన్ని ముట్టుకుంటే మేము ఎలా అర్థం చేసుకుంటామో ఎదుటివాడికి శాంతికాలంలోనే చెప్పి ఉంచాలి. 1988 ఒప్పందంలో చేర్చడం కుదరదు, దాని అర్థమే వేరు. ‘అణు దళానికి ఆజ్ఞలు పంపే కేంద్రాల మీద దాడిని మామూలు దాడిగా చూడం’ అని రెండు వైపులా విడిగా చెప్పుకోవచ్చు. ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా ఇవ్వక్కరలేదు. ఇంత పెద్ద టవర్లు ఉపగ్రహానికి ఎట్లాగూ కనపడతాయి.

సముద్రం మీదికి వద్దాం. 1991 ఏప్రిల్ 6న రెండు ఒప్పందాలు కుదిరాయి. ఒకటి గగనతలానికి: యుద్ధ విమానాలు ఎదుటి దేశపు గగనతలానికి 10 కిలోమీటర్ల లోపలికి రాకూడదు. రెండోది సైనిక విన్యాసాల ముందస్తు సమాచారానికి. ఈ రెండోదాని చివర్లో నౌకల సంగతి కాస్త ఉంది. అంతర్జాతీయ జలాల్లో ఒకరి యుద్ధనౌకలు, జలాంతర్గాములు ఇంకొకరివాటికి 3 నాటికల్ మైళ్ల కంటే దగ్గరికి, అంటే సుమారు 5.5 కిలోమీటర్ల లోపలికి పోకూడదు. విమానాలు ఎదుటివారి నౌకల నెత్తిమీద నుంచి రయ్యిమని దూసుకుపోకూడదు. రెండు దేశాల నౌకాదళాల మధ్య రాతలో ఉన్నది దాదాపు ఇంతే.

2011 జూన్‌లో ఈ అంకె ఎంత బలమైనదో తేలిపోయింది. సోమాలియా దొంగల చెర నుంచి విడిపించుకున్న ఎంవీ సూయెజ్ అనే సరుకు ఓడలో ఆరుగురు భారతీయులు, నలుగురు పాకిస్తానీలు ఉన్నారు. దానికి తోడుగా మన ఐఎన్ఎస్ గోదావరి వెళ్లింది, వాళ్ల పీఎన్ఎస్ బాబర్ వెళ్లింది. (పేర్లు కూడా బాగా కుదిరాయి.) ఏడెన్ గల్ఫ్‌లో బాబర్ వచ్చి గోదావరి వెనకభాగాన్ని రాసుకుంటూ పోయింది. హెలికాప్టర్ డెక్ చుట్టూ కట్టే వల చిరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మనం 1991 ఒప్పందం ఉల్లంఘించారని నిరసన తెలిపాం, తప్పు మీదేనని వాళ్లూ నిరసన తెలిపారు. ఎవరు ముందు దారి మళ్లించారు, ఎవరు ఏ సంకేతం ఇచ్చారు అని కూర్చుని తేల్చే బల్ల ఒక్కటీ లేదు. రెండు విదేశాంగ శాఖల మధ్య రెండు కాగితాలు నడిచాయి, అంతటితో సరి.

ఆకాశంలో తప్పితే ఇంకా ఘోరం. 1999 ఆగస్టు 10న కచ్ దగ్గర పాకిస్తాన్ నౌకాదళపు అట్లాంటిక్ విమానాన్ని మన మిగ్-21 కూల్చింది, 16 మంది చనిపోయారు. విమానం ఎవరి వైపు ఉందని వాదన అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయింది. మాకు విచారణాధికారం లేదని ఆ కోర్టు 2000 జూన్‌లో చేతులు దులుపుకుంది.

అంకె మీద ఆధారపడ్డ నియమంతో వచ్చే తంటా ఇదే, గొడవంతా కొలతగా మారిపోతుంది. జలాంతర్గాముల విషయంలో అయితే ఈ 3 మైళ్ల మాటకు అర్థమే లేదు. దాగుడుమూతల్లో దాక్కున్నవాడికి ‘నాకు దూరంగా ఉండు’ అని చెప్పినట్టుంటుంది. దూరం పాటించాలంటే ఎక్కడున్నాడో తెలియాలి, ఎక్కడున్నాడో చెబితే ఆ పడవ ఉండీ లేనట్టే.

అమెరికా, సోవియట్ యూనియన్ దీన్ని వేరే దారిలో పట్టుకున్నాయి. 1967 మేలో జపాన్ సముద్రంలో అమెరికా నౌక యూఎస్ఎస్ వాకర్‌ను సోవియట్ నౌకలు రెండు రోజుల్లో రెండుసార్లు గుద్దాయి. ఐదేళ్ల తర్వాత, 1972 మే 25న మాస్కోలో అమెరికా నౌకాదళ కార్యదర్శి జాన్ వార్నర్, సోవియట్ నౌకాదళాధిపతి అడ్మిరల్ గోర్ష్‌కోవ్ ‘సముద్ర ఘటనల’ ఒప్పందం మీద సంతకం చేశారు. దూరానికి ఒక అంకె పెడదామని రష్యన్లు పట్టుబట్టారు, అమెరికన్లు ఒప్పుకోలేదు. దాని బదులు ఏం చేయకూడదో రాసుకున్నారు: ఎదుటి నౌక వైపు తుపాకులు, క్షిపణి గొట్టాలు గురిపెట్టి ఉత్తుత్తి దాడులు చేయొద్దు, ఓడ నడిపే గదిలో (బ్రిడ్జి) ఉన్నవాళ్ల కళ్లలోకి సర్చ్‌లైట్లు కొట్టొద్దు, నీటి కింద జలాంతర్గామి విన్యాసం చేస్తుంటే పైనున్న నౌక ఫలానా జెండా సంకేతం ఎగరేయాలి. అన్నిటికంటే మించింది చివర్లో ఉన్న ఒక నిబంధన. ఏడాదికోసారి రెండు నౌకాదళాల అధికారులు కూర్చుని ఆ ఏడాది జరిగినవన్నీ ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. మంత్రులు ఉండరు, పత్రికలు ఉండవు. ఎదురుగా కూర్చునేవాడు కూడా ఓడ నడిపినవాడే. ఆఫ్ఘనిస్తాన్ యుద్ధం నడుస్తున్న ఏళ్లలో కూడా ఈ ఒప్పందం నిలబడింది.

మనకూ అలాంటిది కావాలని 1999 ఫిబ్రవరి 21న లాహోర్‌లో రాసుకున్నాం. విదేశాంగ కార్యదర్శులు కె. రఘునాథ్, షంషాద్ అహ్మద్ సంతకాలు చేసిన ఎంఓయూలో ‘సముద్రం మీద ఘటనలు జరగకుండా ఒప్పందం చేసుకుందాం’ అని స్పష్టంగా ఉంది. అదే కాగితంలో ఉన్న ఇంకో మాట, క్షిపణి పరీక్షల ముందస్తు సమాచారం, 2005 అక్టోబర్ 3న ఒప్పందం అయింది. అణ్వాయుధ ప్రమాదాల మాట 2007 ఫిబ్రవరి 21న ఒప్పందం అయింది. సముద్రం మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

2005 ఒప్పందంలో అంకెలు బాగా పనికొచ్చాయి, ఎందుకంటే అక్కడ కొలిచేది కదలని చోట్లను. పరీక్షకు కనీసం 3 రోజుల ముందు చెప్పాలి, 5 రోజుల వ్యవధిలో వదలాలి, వదిలే చోటు సరిహద్దుకు 40 కిలోమీటర్ల లోపల ఉండకూడదు, పడే చోటు 75 కిలోమీటర్ల లోపల ఉండకూడదు. సముద్రం నుంచి వదిలేవీ లెక్కలోకి వస్తాయి, పైకెగిరి వంపు తిరిగి పడే బాలిస్టిక్ రకం అయితేనే. విమానంలా కిందికిందే ఎగురుతూ పోయే క్రూయిజ్ క్షిపణులు లేవు. 2017 జనవరి 9న పాకిస్తాన్ నీటి కింది నుంచి పరీక్షించిన బాబర్-3 క్రూయిజ్ రకమే, 450 కిలోమీటర్లు పోతుందని వాళ్లే చెప్పారు. 2022 మార్చి 9న మన దగ్గర పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడ్డ బ్రహ్మోస్ కూడా క్రూయిజే. అది పాకిస్తాన్ మీదుగా మూడు నిమిషాలకు పైగా ఎగిరింది. పొరపాటు జరిగిందని ఢిల్లీ బహిరంగంగా చెప్పింది మార్చి 11న. ముగ్గురు అధికారులను ఆగస్టులో తొలగించారు. మూడు నిమిషాల సంఘటనకు రెండు రోజుల తర్వాత జవాబు! ఎదుటివాళ్లు ఓపిక పట్టారు కాబట్టి సరిపోయింది. అదే క్షిపణి యుద్ధనౌక నుంచి జారి ఉంటే, అటు కరాచీ బయట ఉన్న నౌక కెప్టెన్‌కు ఆలోచించుకోవడానికి అంత టైమ్ కూడా ఉండదు.

మాట్లాడుకోవడం చేతకాక కాదు. నౌకలకు హెచ్చరికలు పంపే అంతర్జాతీయ ఏర్పాటులో ప్రపంచ సముద్రాలను ముక్కలు చేసి పంచారు. 8వ ప్రాంతం మనది, 9వది పాకిస్తాన్‌ది. ఫలానా రోజు ఫలానా చోట కాల్పులుంటాయి, అటు రావద్దు అని ఇద్దరూ రోజూ ప్రకటిస్తుంటారు, ఇద్దరి ఓడలూ చదువుకుంటాయి. 2005లో కోస్ట్ గార్డుకూ పాకిస్తాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీకీ మధ్య హాట్‌లైన్ కోసం ఎంఓయూ కుదిరింది. 2024 డిసెంబర్ 4న పోర్‌బందర్ నుంచి ఇరాన్ పోతున్న సరుకు పడవ గాలించి కాపాడే బాధ్యత పాకిస్తాన్‌కున్న సముద్ర ప్రాంతంలో మునిగితే రెండు వైపులా మాట్లాడుకుని 12 మందినీ బతికించారు.

యుద్ధనౌకల సంగతి వచ్చేసరికి ఆ ఫోను సైన్యం బల్ల మీద ఉంటుంది. 2025 మే 10న మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్) మన డీజీఎంఓకు ఫోన్ చేశారు, సాయంత్రం 5 గంటల నుంచి భూమి మీద, ఆకాశంలో, సముద్రం మీద అన్నీ ఆపాలని ఒప్పుకున్నారు. అప్పటికి మన విమానవాహక నౌక దళం ఉత్తర అరేబియా సముద్రంలో మోహరించి ఉంది. సముద్రం మీద కాల్పులు ఆపమని మాట్లాడుకున్నది ఇద్దరు సైన్యాధికారులు. ఆ రోజు నౌకల మధ్య ఏమీ జరగలేదు కాబట్టి అది సరిపోయింది.

కాబట్టి అడగాల్సింది పెద్ద శిఖరాగ్ర సమావేశం కాదు. నౌకాదళ కార్యకలాపాల అధికారుల మధ్య నేరుగా ఒక ఫోను, డీజీఎంఓల మాదిరిగానే వారానికోసారి మోగించి చూసుకునేది. ఏడాదికోసారి తప్పని తేదీన అధికారుల భేటీ, జనవరి 1 మాదిరిగా. జలాంతర్గామిని వెంటాడే నౌక వాడాల్సిన, వాడకూడని సంకేతాల పట్టిక, రెండు వైపులా ప్రతి పడవలో ముందే పెట్టి ఉంచేది. క్రూయిజ్ క్షిపణులను 2005 ఒప్పందంలో చేర్చడం. ఇందులో ఆఖరిది అన్నిటికంటే కష్టం. క్రూయిజ్ పరీక్షలు ఎక్కువ, ఒకే క్షిపణి మామూలు బాంబుకూ అణు బాంబుకూ పనికొస్తుంది, ఏది ఎందుకో చెప్పడానికి ఇద్దరికీ ఇష్టం ఉండదు. మొదటి మూడింటికి ఎవరూ ఏ రహస్యమూ చెప్పనక్కరలేదు.

ముందు గుజరాత్, సింధ్ మధ్యనున్న సర్ క్రీక్ తగాదా తేలాలి, తర్వాతే సముద్రం మాట అనే వాదన వినపడుతుంటుంది. 96 కిలోమీటర్ల ఆ పాయ దగ్గర సరిహద్దు తేలకపోతే దాని ముందున్న సముద్ర సరిహద్దూ తేలదు. 2007లో కలిసి సర్వే కూడా చేశారు, అక్కడితో ఆగింది. బంగ్లాదేశ్‌తో ఇలాంటి తగాదానే మధ్యవర్తుల ట్రిబ్యునల్ 2014 జూలై 7న తేల్చింది. తగాదా ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకు పోయాయి, మనం తలవంచి ఒప్పుకున్నాం. సర్ క్రీక్ తేలకపోవడం వల్ల నష్టపోతున్నది జాలర్లు. 2018లో పట్టుబడి 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన 20 మందిలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఉన్నారు. కనుక అది తేలాల్సిందే. కానీ సముద్ర ఘటనల ఒప్పందం దాని కోసం ఆగాల్సిన పని లేదు. అది వర్తించేది ఎవరి తీరానికీ చెందని అంతర్జాతీయ జలాల్లో. గోదావరి, బాబర్ రాసుకున్నది సర్ క్రీక్‌కు ఎంతో దూరంలో, ఇద్దరికీ ఏ హక్కూ లేని నీళ్లలో.